ఐదు చెంచాలు

అక్క మొత్తంలో ఈ లోకంలో మిగిలింది బొటనవేలి గోరంత. ఆసుపత్రి నేలమాళిగలో, ఇనుప బీరువా సొరుగులో, తెల్లటి మైనపు బిళ్ల మధ్యలో ఇరుక్కున్న గోధుమరంగు ముక్క. ఆపరేషన్‌లో తీసిన కణితిని అలా మైనంలో పోసి దాస్తారు. ఏళ్లు గడిచినా చెడదు. ఆ బిళ్ల కోసం అమ్మడు సెలవు పెట్టి మరీ వెళ్లి, కిటికీ ముందు రెండు గంటలు నిలబడింది.

"మీరు ఏమవుతారు?" అని అడిగాడు రికార్డుల గుమాస్తా.

"చెల్లెల్ని."

"చెల్లెళ్లకి ఇవ్వడం కుదరదమ్మా. భర్త సంతకం ఉండాలి."

"ఉంది," అని కాగితం ముందుకు తోసింది.

ఆ సంతకం కోసం బావ చుట్టూ మూడు నెలలు తిరిగింది. చివరికి బస్టాపు పక్కన స్కూటరు ఆపి, సీటు మీద కాగితం పరిచి, దొంగసొత్తు మీద సంతకం పెడుతున్నవాడిలా అటూ ఇటూ చూసి గీకాడు. "మా అమ్మకి మాత్రం తెలియనివ్వకు," అన్నాడు. ఆయనకి నలభై ఆరేళ్లు.

అమ్మడు జన్యుపరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్. రక్తంలోంచీ కండలోంచీ డీఎన్‌ఏని విడదీసి, శుభ్రం చేసి, యంత్రానికి అందించడం ఆమె పని. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. అచ్చాఫీసులో ముప్పై అయిదేళ్లుగా యంత్రం నడిపే నాన్న, ఆమె డిగ్రీ పట్టాను ఫ్రేము కట్టించి, తలుపు తీయగానే కనిపించేలా గోడకి కొట్టాడు. వచ్చినవాళ్లు నీళ్లు తాగేలోపు దాన్ని చూసి తీరాలి.

అలాంటి నాన్న ఏడాదిగా తల దించుకుని తిరుగుతున్నాడు.

దానికి కారణం ఒక మాట. అక్క పోయిన రోజున, ఆసుపత్రి వరండాలో, చుట్టాలందరూ ఉండగా అన్న మాట. అన్నది అక్క అత్తగారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. మైకు లేకుండా అయిదు వందల మంది పిల్లలకి వినిపించేలా మాట్లాడటం అలవాటైన గొంతు.

"మీ వంశంలో ఉన్న రోగాన్ని దాచిపెట్టి పిల్లని మాకు అంటగట్టారు. నా కొడుకు బతుకు బుగ్గిపాలు చేశారు. చేసింది చాలు. ఇక ఈ మనవరాలి మీద మీ నీడ పడటానికి వీల్లేదు," అంది.

నాన్న పక్కనే ఉన్న పదిహేనేళ్ల మనవరాలి చెయ్యి పట్టుకోబోయి, ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమే ఒక సాయంత్రం, చెప్పులు విప్పుతూ అడిగాడు. "అమ్మడూ, నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా. ఒకటి చెప్పు. యంత్రం మీద కాగితానికి మరకపడితే ఆ ఒక్క కాగితమే పోతుంది. ప్లేటులోనే తప్పుంటే అచ్చయిన ప్రతి కాగితంలోనూ వస్తుంది. అక్కది ఏ రకం?"

"తెలియదు నాన్నా. రెండు రకాలూ ఉంటాయి."

"ప్లేటులో తప్పయితే ఆ ప్లేటు నాదే కదమ్మా."

ఆ రాత్రి ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అదుగో, ఆ కంచం చూసినప్పుడే అమ్మడు తీర్మానించుకుంది. ఆవిడ అన్న మాటని ఆవిడ చేతే, అంతమంది ముందే, వెనక్కి మింగించాలి. న్యాయం జరగాలని అనుకోలేదు. మింగించాలనే అనుకుంది. ఆ రెంటికీ తేడా ఆమెకి తెలుసు. తెలిసే ఎంచుకుంది.

ఇంటివాళ్ల నమూనాలను ఎవరూ స్వయంగా ముట్టుకోకూడదన్నది ల్యాబు నియమం. అందుకని మైనపు బిళ్లనూ, వైద్యం రోజుల్లో అక్క దగ్గర తీసి ఫ్రీజరులో ఉంచిన రక్తం సీసానూ పక్క బల్ల అమ్మాయికి అప్పగించి, ఆరు వారాలు పళ్లబిగువున కూర్చుంది.

మంగళవారం మధ్యాహ్నం కళ్లజోడాయన కబురుపెట్టాడు. యంత్రం చదివిన డీఎన్‌ఏ అక్షరాలను కంప్యూటరులో పోల్చి అర్థం చెప్పే పెద్దాయన. ల్యాబులో ఆయన కళ్లజోడుకి అందరూ నవ్వుతారు గానీ, ఆయన మాటకి ఎవరూ నవ్వరు.

"కూర్చో తల్లీ."

"నిలబడే వింటాను సార్. వంశంలోదేనా?"

"కాదు. కూర్చో."

కూర్చుంది.

ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు. "పుట్టుకతో వచ్చిన తప్పయితే ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండాలి. అంటే రక్తంలోనూ దొరకాలి. మీ అక్క రక్తం వెతికాం. కేన్సరు తెచ్చే వంశపారంపర్య జన్యువులు ఎన్ని తెలుసో అన్నీ చూశాం. శుభ్రంగా ఉన్నాయి. తప్పులన్నీ కణితిలోనే ఉన్నాయి. బతికుండగా పడ్డవి."

"బతికుండగా అందరికీ పడతాయి కదా సార్."

"పడతాయి. కణం రెండుగా చీలిన ప్రతిసారీ మూడువందల కోట్ల అక్షరాలు తిరగరాసుకోవాలి. ఎక్కడో చెయ్యి తడబడుతుంది. దిద్దుకుంటుంది. దిద్దుకోలేనివి మిగిలినా చాలావాటివల్ల ఏమీ కాదు. కానీ ఇది తడబాటు కాదు, చూడు." వేలితో ఒక గీతను చూపించాడు. మిగతా గీతలు గడ్డిపరకల్లా ఉంటే ఆ ఒక్కటీ తాడిచెట్టులా లేచి ఉంది. "ఎ అనే అక్షరం ఉండాల్సిన చోట టి. మళ్లీ ఎ బదులు టి. వేలసార్లు. పొగతాగితే పడే తప్పుల తీరు వేరు, ఎండవల్ల పడేవాటి తీరు వేరు. ఒక్కో విషానికీ ఒక్కో చేతిరాత ఉంటుంది. ఈ చేతిరాత ఎవరిదో నాకు తెలుసు."

"ఎవరిది?"

"ఒక జాతి తీగల్లో ఉండే ఆమ్లానిది. వేరులో ఉంటుంది, ఆకులో ఉంటుంది. కొన్ని నాటుమందుల్లో కలుపుతారు. కడుపులోకి వెళ్లాక మూత్రపిండం దాకా పోయి, మూత్రనాళం గోడల్లో కణాల డీఎన్‌ఏకి జిగురులా అంటుకుంటుంది. అంటుకున్న చోట ఎ అన్నది చదవడం రాక కణం టి అని రాసేస్తుంది. మీ అక్కకి పడిన వేల తప్పుల్లో ఒకటి పోయి కాపలా జన్యువు మీద పడింది. కణం దారితప్పితే ఆపాల్సిన జన్యువది. కాపలా పోయాక ఇంకేముంది, ఆ కణం ఇష్టారాజ్యం." కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మీ అక్క ఏదైనా నాటుమందు తినేదా?"

అమ్మడికి స్టీలు డబ్బా కళ్లముందు నిలిచింది. మూతమీద చిన్న సొట్ట. అందులో గోధుమరంగు పొడి. అత్తగారి అమ్మ దగ్గర్నుంచి వచ్చిన మందు. వేర్లు తెప్పించి, డాబామీద ఎండబెట్టి, తనే మిక్సీలో వేసి, పల్చటి గుడ్డలో జల్లించి నింపేది ఆవిడ. కాన్పయిన దగ్గర్నుంచి అక్కకి రోజూ పొద్దున ఏడింటికి, పరగడుపున, ఒక చెంచా. నడుంనొప్పికి మంచిదని, ఒళ్లు రాదని, రక్తం శుభ్రపడుతుందని. పద్నాలుగేళ్లు. "మా అత్తగారి ప్రేమ కాస్త చేదు," అని అక్క నవ్వుతూ మింగేది.

రక్తం శుభ్రపడుతుందని.

అమ్మడు కూడా నవ్వింది. ఆ నవ్వుకి కళ్లజోడాయన కాస్త వెనక్కి జరిగాడు.

"ఆ మందు ఇంకా ఎవరైనా తింటున్నారా? తింటుంటే ఇవాళే ఆపించు. కాస్త పొడి తెస్తే అందులో ఉన్నదేమిటో పరీక్ష చేయిస్తాను. రిపోర్టు మీద ఇప్పుడే సంతకం పెట్టేస్తున్నా."

"ఆదివారం వెళ్తాను సార్."

"ఇవాళ మంగళవారం."

"ఆదివారం ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజు. అందరూ వస్తారు."

ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను మాట్లాడుతున్నది రోగం గురించి. నువ్వు దేని గురించి మాట్లాడుతున్నావు?"

ఆమె రిపోర్టు తీసుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రమే ఫోను మోగింది. అక్క కూతురు. కిచకిచలాడుతూ గంతులేస్తూ తిరిగేదని అక్క ఆ పిల్లకి పిచ్చుక అని పేరుపెట్టింది. నాన్నమ్మ నడకకి వెళ్లిన అరగంటలో, వాళ్ల నాన్న ఫోను తీసుకుని, వారానికి ఒకసారి దొంగతనంగా మాట్లాడుతుంది.

"పిన్నీ, నాన్నమ్మ నాకూ పొడి మొదలుపెట్టింది."

అమ్మడి చేతిలో ఫోను చల్లబడినట్టయింది. "ఎప్పట్నించి?"

"నిన్నట్నించి. నెలసరికి కడుపునొప్పి వస్తోందని చెప్పాను. చెప్పడం నాదే బుద్ధితక్కువ. యాక్, ఎంత చేదో. అమ్మ ఎలా తినేదో. మానెయ్యనా? చెంచా నోట్లో పెట్టుకుని బేసిన్లో ఊసేస్తే ఎవరికీ తెలీదు."

ఒక్క మాట చాలు. ఊసెయ్ తల్లీ అంటే చాలు. ఆ మాట అమ్మడి నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకో లెక్క కూడా వచ్చింది. పిల్ల మానేస్తే ఆవిడ కనిపెడుతుంది. బడిలో పిల్లల నోట్లో చూయింగ్‌గమ్ కనిపెట్టిన మనిషి. ఎందుకు మానావని నిలదీస్తుంది. పిల్ల నోరు జారుతుంది. ఆదివారానికల్లా డబ్బా మాయమవుతుంది, వేర్లు మాయమవుతాయి, మేమెప్పుడు పెట్టాం, ఏ పొడి, ఎవరు చూశారు అంటుంది. డబ్బా బల్లమీద ఉండాలి. ఆవిడ చేతిలో ఉండాలి.

"ఆదివారం నేను వస్తున్నాను. అప్పుడు మాట్లాడదాం," అంది.

"అయితే మింగెయ్యనా?"

"ఆదివారం దాకా ఓర్చుకో."

"నీ మాట మీద మింగుతున్నా. నాకు చాక్లెట్ బాకీ," అని నవ్వి పెట్టేసింది పిచ్చుక.

బుధవారం పొద్దున ఏడింటికి అమ్మడు గడియారం చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఒక చెంచా. పద్నాలుగేళ్లు తిన్న మనిషికీ వారం రోజులు తిన్న పిల్లకీ పోలికేమిటని తనకి తనే చెప్పుకుంది. నిజమే, పోలిక లేదు. కానీ అక్షరం మారడానికి పద్నాలుగేళ్లు అక్కర్లేదనీ, మారిన ఏ అక్షరం ఏ చెంచాదో ఎంత పెద్ద యంత్రమూ చెప్పలేదనీ, ఈ ఊరు ఊరంతటిలో బాగా తెలిసిన కొద్దిమందిలో తనొకతి. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకి నెట్టడం కష్టమనుకుంది గానీ, పగ చేతిలో ఉంటే అదేమంత కష్టం కాలేదు.

గురువారం రిపోర్టు మూడు కాపీలు రంగుల్లో తీయించింది. శుక్రవారం అద్దం ముందు నిలబడి మాటలు పేర్చుకుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎప్పుడు అందరి ముఖాలూ ఒక్కసారి చూడాలో. ఆవిడ ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటే అన్నం రుచిగా ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి. అదే బల్లకి అవతల నాన్న తల వంచుకుని తింటూనే ఉన్నాడు. "నాన్నా, తప్పు నీది కాదు," అని చెప్పెయ్యవచ్చు. కానీ ఆయన కడుపులో మాట దాగదు. వెంటనే బావకి ఫోను చేస్తాడు. ఇంకో రెండు రోజులే కదా అనుకుంది. ఆదివారం సాయంత్రం ఆవిడ నోటి మాటని మూటకట్టి తెచ్చి నాన్న ముందు విప్పాలి. ఆ ఘడియ కోసమే ఇదంతా.

ఆదివారం వచ్చింది.

గేటు తీసింది అత్తగారే. జరీ అంచు చీర, చేతికి గడియారం, నుదుటిమీద ఒక్క ముడత ఎక్కువ. "నిన్నెవరు పిలిచారు అమ్మాయ్?"

"పిలిస్తేనే రావాలా అత్తయ్యగారూ. డెబ్బయ్యేళ్లంటే మాటలా? ఆశీర్వాదం తీసుకుందామని వచ్చాను."

వెనక కుర్చీలు వేస్తున్న బావ చేతిలో కుర్చీ గాలిలోనే ఆగిపోయింది. లోపల్నుంచి చుట్టాలు తొంగిచూస్తున్నారు. నలుగురు చూస్తుండగా గేటుముందు రభస చేయడం ఆవిడకి నామోషీ. "వచ్చినదానివి ఎలాగూ వచ్చావు. భోంచేసి వెళ్లు," అని దారి ఇచ్చింది.

అత్తగారి చెల్లెలూ, ఆడబిడ్డా, బడిలో ఆవిడ కింద పనిచేసి రిటైరైన టీచర్లు ముగ్గురూ, బావా, పిచ్చుకా. భోజనాలయ్యాయి. అమ్మడు తొందరపడలేదు. ఎలా తేవాలా అని ఆలోచిస్తున్న మాటని లెక్కల టీచరే ఎత్తింది.

"డెబ్బయ్యంటే ఎవరూ నమ్మరు మేడమ్. నాకు అరవైనాలుక్కే మోకాళ్లు మొరాయిస్తున్నాయి."

"నీకు వందసార్లు చెప్పాను, నా పొడి వాడమని. విన్నావా?" అత్తగారు స్వయంగా లేచి, వంటింట్లోకి వెళ్లి, డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. కాగితం చింపి, నాలుగు చెంచాలు పోసి, పొట్లం కట్టి టీచరుకి ఇచ్చింది. టీచరు సంచిలో వేసుకుంది. "నలభై ఏళ్లుగా తింటున్నాను. నన్ను చూడు."

"అక్కకి కూడా ఇదే కదా అత్తయ్యగారూ మీరు పెట్టింది?" అంది అమ్మడు.

"కన్నతల్లి కూడా పెట్టదు అలా. పద్నాలుగేళ్లు, ఒక్కరోజు మానకుండా పెట్టాను."

"ఆ మాట ఇంకోసారి చెప్పండి. వెనకవాళ్లకి వినిపించలేదు."

అప్పుడు తీసింది సంచిలోంచి కాగితాలు. ఒకటి బావ ముందు, ఒకటి టీచర్ల ముందు, ఒకటి డబ్బా పక్కన. అద్దం ముందు పేర్చుకున్న మాటలే. ఒక్కటి తడబడలేదు. రక్తం శుభ్రంగా ఉందని చెప్పింది. వంశంలో ఏ లోపమూ లేదని చెప్పింది. ఎ బదులు టి అని వేలు పెట్టి చూపించింది. ఏ తీగ వేరు అలా రాస్తుందో చెప్పి, ఆ వేలిని అలాగే జరిపి డబ్బా మూతమీద పెట్టింది.

"మా అక్కని చంపింది మా వంశం కాదు. ఈ చెంచా."

లెక్కల టీచరు నెమ్మదిగా సంచి తెరిచి, పొట్లం తీసి, బల్లమీద పెట్టి, ఆ వేళ్లని పైటకొంగుకి తుడుచుకుంది. అత్తగారి ప్రసంగాలకి చప్పట్లు కొట్టిన చేతులవి. అమ్మడికి ప్రాణం లేచొచ్చింది.

"నాలుగు అక్షరాలు నేర్చుకుని నాకు పాఠం చెప్తున్నావా?" అత్తగారి గొంతు ఇంకా తగ్గలేదు. "నేనూ తిన్నాను. నాకేమయింది?"

"అందరి ఒళ్లూ ఒకలా ఉండదు. మీకు కాలేదు. మామయ్యగారికి ఏమయింది?"

బావ తలెత్తాడు. అక్క మామగారు ఆరేళ్ల కిందట మూత్రపిండాలు రెండూ పాడై చనిపోయారు.

"ఆయనది షుగరు," అంది అత్తగారు.

"ఆయనకి షుగరు రాకముందే మూత్రపిండాలు చెడ్డాయని అక్క చెప్పేది. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి మూడుసార్లు తీసుకెళ్లేవారు. వెళ్లేముందు పొద్దున్నే ఏం పెట్టి తీసుకెళ్లేవారో గుర్తుందా మీకు?"

ఇది రిపోర్టులో లేదు. మామగారి ముక్క ఏ మైనంలోనూ లేదు. రుజువు లేని మాటని ల్యాబులో ఎవరైనా రాస్తే, ఆ కాగితం చింపి చేతిలో పెట్టే మొదటి మనిషి తనే. అయినా అంది. తగులుతుందని తెలిసి, ఎక్కడ తగులుతుందో చూసి మరీ అంది.

తగిలింది. అత్తగారు కుర్చీ వెనకభాగాన్ని పట్టుకుంది. ఆవిడ చూపు డబ్బా మీంచి గోడమీది మామగారి ఫొటో మీదకి వెళ్లి, అక్కడ నిలవలేక, కిందికి వచ్చేసింది. ఏడాదిగా అమ్మడు ఎదురుచూసిన ముఖం అదే. ఊహించుకున్నదానికంటే బాగుంది. రెండు కళ్లూ చాలనట్టు చూసింది.

"ఇప్పుడు చెప్పండి. వరండాలో ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగా చెప్పండి. తప్పు మా వంశంలో లేదని."

ఆవిడ చెయ్యి చాచింది. "కాగితం ఇటివ్వు."

కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఏ కాగితమైనా ముందు అడుగున చూడటం ఆవిడ అలవాటు. ముందు తేదీ, తర్వాత సంతకం, ఆ తర్వాతే విషయం. ముప్పై ఏళ్లు సెలవుచీటీలు అలాగే చదివింది. ఈ కాగితాన్నీ అలాగే చదివి, పైనుంచి కిందికి ఇంకోసారి చదివి, మడిచింది.

"తప్పు మీ వంశంలో లేదు," అంది. డిక్టేషన్ చెబుతున్నట్టు, మాట మాటకీ మధ్య ఆగి. "నా చేతిలో ఉంది. మీ నాన్నగారితో నేను చెప్పానని చెప్పు."

గెలిచింది. అమ్మడు ఊపిరి వదిలింది.

"ఇప్పుడు నేనొకటి అడుగుతాను," అంది అత్తగారు. "ఈ కాగితం మీద మంగళవారం తేదీ ఉంది. ఇవాళ ఆదివారం. పిల్లకి నేను పొడి పెడుతున్నానని నీకు తెలుసా, తెలియదా?"

గొంతు పెద్దది చేయలేదు. అవసరం లేకపోయింది.

అమ్మడు తెలియదు అనాలనుకుంది. ఆ మాటకి నోరు కదిలేలోపే గుమ్మం దగ్గర్నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"తెలుసు నాన్నమ్మా. మంగళవారం సాయంత్రం నేనే చెప్పాను." పిచ్చుక బల్ల దగ్గరికి వచ్చి, తేదీ ఉన్న చోట వేలు పెట్టింది. "ఊసెయ్యనా అని కూడా అడిగాను. ఆదివారం దాకా ఓర్చుకోమంది."

"పిచ్చుకా, డబ్బా దాచేస్తారేమోనని..."

"బుధ, గురు, శుక్ర, శని, ఇవాళ." పిల్ల వేళ్లు ముడిచింది. "అయిదు చెంచాలు పిన్నీ. వాటివల్ల నాకేమవుతుంది?"

"ఏమీ కాదు తల్లీ. దాదాపు ఏమీ కాదు."

"దాదాపు అంటే?"

ఎవరికి ఏ రోగం ఉందో తేల్చే ల్యాబు తనది. ఈ ప్రశ్నని ఇంకెవరు అడిగినా పది నిమిషాలు చెప్పగలదు. "ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు," అంది.

"నాన్నమ్మకి అది విషమని తెలీదు," అంది పిచ్చుక. అనకుండా వదిలేసిన రెండో సగం గదిలో అందరికీ వినిపించింది. అత్తగారు ఆ పిల్ల వైపు చెయ్యి చాచింది. పిల్ల ఆ చేతికీ అందలేదు, ఇటూ రాలేదు. రెండు కుర్చీలకీ మధ్య నిలబడింది.

అప్పుడు లేచాడు బావ. డబ్బా తీసుకున్నాడు. వాళ్లమ్మ వైపు చూడకుండానే, "ఇంక ఈ ఇంట్లో ఇది ఉండదమ్మా," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తల్లితో అన్న అంత పొడుగు మాట అదే. తర్వాత పిల్లని అడిగాడు. "ఎక్కడికి వెళ్దాం?"

"తాతయ్య దగ్గరికి."

అమ్మడు సంచి అందుకుంది. "పదండి, నేనూ వస్తాను. నాన్నకి నేను..."

"నువ్వు రాకు పిన్నీ," అంది పిచ్చుక. కోపంగా కాదు. బరువు ఎత్తేముందు పక్కకి జరగమన్నట్టు. "తాతయ్యకి నేనే చెప్తాను."

"ఆ ఒక్కటీ నన్ను చెప్పనియ్యి తల్లీ. ఏడాది నుంచి..."

"చెప్పాలనుంటే మంగళవారమే చెప్పేదానివి."

స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా అమ్మడు గేటు దగ్గర నిలబడింది. లోపల అత్తగారు అదే కుర్చీలో ఉంది. టీచర్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పకుండానే చెప్పులు వేసుకుంటున్నారు. వెనక్కి తిరిగి ఆవిడని ఇంకోసారి చూసింది అమ్మడు. జాలి వస్తుందేమోనని వెతుక్కుంది. రాలేదు. ఆవిడకి చేసినదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. ఆ తృప్తి తృప్తిగానే ఉంది. దాన్ని తీసుకెళ్లి చూపించడానికి మాత్రం ఇప్పుడు ఇల్లు లేదు.

బస్టాపులో కూర్చుంది. రెండు బస్సులు వదిలేసింది. మూడోది వస్తుండగా ఫోను మోగింది. నాన్న.

"పిల్ల వచ్చింది అమ్మడూ. అంతా చెప్పింది."

"అంతానా నాన్నా?"

"అంతా."

అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. తప్పు నీది కాదని తేలింది కదా నాన్నా, అందామనుకుంది. ఆ మాట ఆయనకి అప్పటికే అందిపోయింది. ఆయన గొంతులో ఏడాదిగా ఉన్న బరువు లేదు. దాని బదులు ఇంకేదో ఉంది. అది తన వైపు తిరిగి ఉంది.

"పిల్లకి పరీక్షలు చేయించాలట కదా. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి?"

"నేను తీసుకెళ్తాను నాన్నా. రేపు సెలవు పెడతాను."

"వద్దంటోంది. నంబరు చెప్పు, చాలు. నేనూ అల్లుడూ తీసుకెళ్తాం."

బస్సు ఆగి, ఎవరూ ఎక్కకపోతే కదిలిపోయింది. మూత్రపిండాల డాక్టరు నంబరు ఆమెకి నోటికి వచ్చు. ఒక్కో అంకె చెప్పింది. నాన్న ఒక్కో అంకెనూ తిరిగి పలికి రాసుకున్నాడు. చివరి రెండు అంకెలూ మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది. సరిచూసుకుని, ఫోను పెట్టేశాడు.